420 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ బ్లేడ్లు తెల్లారేసరికి పగలడం: టెంపరింగ్ ఆలస్యమే కారణం

మీ బ్లేడ్లు పగలడం మెటీరియల్ తప్పు కాదండి. టెంపరింగ్‌ని (గట్టిపడ్డ స్టీల్‌ని మళ్లీ కాస్త వేడిచేసి పెళుసు తగ్గించడం) మర్నాటికి వదిలేశారు, పగులు అక్కడే పుట్టింది. మీరే రాశారు: గుంటూరు కారం మిల్లుకి ఎనిమిది 420 బ్లేడ్లు, సాయంత్రం విజయవాడ ఆటోనగర్‌లో క్వెంచింగ్ (బాగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చడం), హార్డ్‌నెస్ రాక్‌వెల్ C కొలతలో 54 వచ్చింది, పొద్దున చూస్తే మూడు చీలాయి.

క్వెంచింగ్‌తో స్టీల్ మార్టెన్‌సైట్ అనే గట్టి రూపంలోకి మారుతుంది, అది గాజులాంటిది, లోపల ఒత్తిడి బిగుసుకుని ఉంటుంది. నా బల్ల మీద పెట్టిన ముక్క ఒకటి, ఎవరూ ముట్టుకోకుండానే, రాత్రి తొమ్మిదింటికి టింగుమని పగిలింది. చూస్తే బోల్టు రంధ్రం అంచున వెంట్రుకంత గీత.

ఈసారి ఇలా చేయించండి:

1. రంధ్రాల అంచులు, లోపలి మూలలు ముందే గుండ్రం చేయించండి.
2. 760–790 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాసేపు ఆపి, తర్వాత 980–1040కి. ఈ స్టీల్‌లో వేడి నెమ్మదిగా పాకుతుంది.
3. ఆయిల్‌లో చల్లార్చండి. పల్చటి బ్లేడ్లకి గాలి చాలు.
4. అందరూ తప్పేది ఇక్కడే. చేత్తో పట్టుకోగలిగేంత వేడికి దిగగానే నేరుగా టెంపరింగ్‌కి పెట్టాలి. ఆ ఫర్నేస్ అప్పటికే వేడెక్కి ఉండాలి. ఖాళీ లేదంటే ఆ రోజు క్వెంచింగే వద్దు.
5. 200–300 డిగ్రీల్లో రెండు గంటలు. 425–565 మధ్య మాత్రం వద్దు, పెళుసెక్కుతుంది, తుప్పుని తట్టుకునే గుణమూ తగ్గుతుంది.

వేడికి పైన పట్టిన నల్లటి పొర గ్రైండింగ్‌లో పూర్తిగా పోవాలి, మిగిలితే అక్కడ తుప్పు పడుతుంది.

మిగిలిన ఐదు బ్లేడ్లని ఈరోజే టెంపరింగ్ చేయించండి. డై పెనెట్రెంట్ (కంటికి కనపడని పగుళ్లని చూపించే రంగు ద్రవం) కొట్టి చూడకుండా మిల్లుకి ఎక్కించొద్దు, తిరిగేటప్పుడు ముక్క ఎగిరితే మనిషికే ప్రమాదం.