యుద్ధం ముగిశాక బ్రిటన్‌లో సామాన్యుల బతుకు ఎప్పుడు తేలికపడింది?

రెండో ప్రపంచ యుద్ధం గెలిచిన బ్రిటన్‌లో సామాన్యులకు మంచి రోజులు ఎప్పటి నుంచి మొదలయ్యాయని మీరు అడిగారు. 1970ల్లో నేను లాంకషైర్‌లోని ఒక మిల్లు పట్టణంలో డాక్టరుగా చేరాను. అక్కడ నా దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లంతా ఆ కాలం చూసినవాళ్లే కాబట్టి, వాళ్ల నోట విన్నదీ వాళ్ల ఇళ్లలో చూసినదీ కలిపి చెబుతాను.

తిండి సంగతి త్వరగా చెప్పేయవచ్చు. యుద్ధకాలంలో కూడా రేషన్ లేని రొట్టెకు 1946 జులైలో రేషన్ పెట్టి, రెండేళ్లకు ఎత్తేశారు. మాంసానికి మాత్రం 1954 జులై దాకా తప్పలేదు.

నా దృష్టిలో అసలు మార్పు 1948 జులై 5న, జాతీయ ఆరోగ్య సేవ మొదలైననాడు వచ్చింది, అదీ ముఖ్యంగా ఆడవాళ్లకు. 1911 నాటి బీమా చట్టం కింద పనికి వెళ్లే కార్మికుడికి వైద్యం అందేది గానీ, ఇంటిపట్టున ఉండే భార్యకూ పిల్లలకూ అందేది కాదు. అందువల్ల గర్భసంచి జారినా ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పకుండా ఓర్చుకున్నవాళ్లు, వైద్యం ఉచితమని తెలిశాక డాక్టర్ల దగ్గర బారులు తీరారు. కళ్లద్దాలకూ కట్టుడు పళ్లకూ ఎవరూ ఊహించనంత గిరాకీ రావడంతో 1951లో వాటికి రుసుము పెట్టారు. ఆ సేవను నెలకొల్పిన అన్యూరిన్ బెవాన్ అందుకు నిరసనగా మంత్రి పదవికే రాజీనామా చేశారు. పెళ్లయ్యాక భర్తకు పళ్ల వైద్యం ఖర్చు పడకూడదని, పెళ్లికి ముందే తన పళ్లన్నీ పీకించి కట్టుడు పళ్లు పెట్టించారని ఒక పెద్దావిడ నాతో చాలా మామూలుగా చెప్పింది. కట్నాల సంగతి తెలిసిన నాకు కూడా ఆ మాట మింగుడుపడలేదు.

ఇల్లు మాత్రం అన్నిటికన్నా ఆలస్యంగా మారింది. 1951 జనాభా లెక్కల నాటికి మూడో వంతుకు పైగా కుటుంబాలకు ఇంట్లో స్నానపు తొట్టి లేదు. నేను వెళ్లేనాటికీ కొన్ని వరస ఇళ్లలో మరుగుదొడ్డి పెరటి చివరే ఉండేది, రేకు తొట్టి గోడ మేకుకు వేలాడేది. వారానికోసారి దాన్ని పొయ్యి ముందుకు దించి, ఒకసారి కాచిన నీళ్లలోనే ఇంటిల్లిపాదీ ఒకరి తరవాత ఒకరు స్నానం చేసేవారట. ఇంత మంచి రోజులు మన జనం ఎన్నడూ ఎరగరని 1957లో ప్రధాని మాక్‌మిలన్ బెడ్‌ఫర్డ్‌లో అన్నప్పుడు, ఇలాంటి ఇళ్లలో కొన్నిటికి వాయిదాల మీద టీవీ వచ్చింది గానీ వేడినీళ్ల కుళాయి రాలేదు. తరవాత ఆ వరసలు కూల్చి కౌన్సిల్, అంటే స్థానిక పాలక సంస్థ, కట్టించిన అపార్ట్‌మెంట్లలో స్నానాల గది దొరికినా, పాత ఇరుగుపొరుగు తలోచోటికి చెదిరిపోయారని, లిఫ్టు పాడైన రోజు సరుకుల సంచులతో అన్ని అంతస్తులూ ఎక్కలేకపోతున్నామని పెద్దవాళ్లు చెప్పుకునేవారు; మోకాళ్ల నొప్పులకు నేను మాత్రలు రాసిచ్చింది ఎక్కువగా వాళ్లకే.