అటక మీద ఏళ్లుగా పడున్న గ్యాస్ స్టవ్ బాగు చేసుకోవచ్చా, కొత్తది కొనాల్సిందేనా?

చాలావరకు బాగు చేసుకోవచ్చు. నాబ్ కింద వాల్వు లీకవుతున్నా, బర్నర్ కింది గొట్టానికి తుప్పుతో చిల్లు పడినా మాత్రం ఆ భాగం మార్పించాలి, అది దొరక్కపోతేనే కొత్తది. గోదావరి డెల్టా గాలిలో తేమ ఎక్కువ, సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పు కూడా తోడవుతుంది, అందుకే ఇనప రేకు త్వరగా తుప్పు పడుతుంది, కానీ ఇత్తడి బర్నర్‌కి పట్టేది చిలుమే. చింతపండు పులుసులో నానబెట్టి తోమి, కన్నాలన్నీ పిన్నీసుతో పొడిచి, కడిగి, పూర్తిగా ఆరనిస్తే చాలు.

ఉదాహరణకి అమలాపురంలో అలా మూలపడ్డ స్టవ్ వెలిగిస్తే మంట నీలంగా కాక పసుప్పచ్చగా వచ్చి గిన్నె అడుగు మసిబారిందనుకోండి. జెట్ (గ్యాస్ బయటికొచ్చే సన్న కన్నమున్న చిన్న ముక్క) నుంచి దూసుకొచ్చే గ్యాస్ పక్క సందులోంచి గాలిని లాక్కుని గొట్టంలో కలుపుకోవాలి, అక్కడ సాలీడు గూడో దుమ్మో అడ్డుపడితే గాలి చాలదు. గొట్టం శుభ్రం చేస్తే మంట మళ్లీ నీలంగా వస్తుంది.

చాలామంది ఇలాంటప్పుడు సూదితో జెట్ కన్నం పెద్దది చేస్తారు, అది పూర్తిగా తప్పు. గ్యాస్ పెరుగుతుంది, గాలి ఆ మేరకు పెరగదు, మసి ఇంకా ఎక్కువవుతుంది, పైగా ప్రమాదం. పాత రబ్బరు ట్యూబ్ పైకి బాగున్నట్టే కనిపించినా వాడకండి, ఐఎస్ఐ గుర్తున్న కొత్తది వేయించి, అతుకుల దగ్గర సబ్బు నురగ రాసి బుడగలు రావట్లేదని చూశాకే వెలిగించండి. అగ్గిపుల్లతో మాత్రం లీకు వెతకొద్దు.