మొదటిరోజు కుక్కను ముట్టుకోవద్దు

తిరుపతి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి, ఇళ్లకు వెళ్లి కుక్కలకు ట్రైనింగ్ ఇచ్చే పనిలోకి వస్తానని నువ్వు చెప్పినప్పుడు మీ అమ్మలాగే నాకూ కొంచెం టెన్షన్ పుట్టింది. తర్వాత సంతోషం వేసింది. 27 ఏళ్లుగా చేస్తున్న పని ఇది, నా తర్వాత చేసేవాడు మన ఇంట్లోనే ఉంటాడని అనుకోలేదు. "మామా, మొదటిరోజు ఏం నేర్పించాలి?" అని ఫోన్‌లో అడిగావు. ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. మొదటిరోజు కుక్కకు ఏమీ నేర్పించొద్దు. ముట్టుకోవద్దు కూడా.

వెళ్లి కూర్చో. దాని కళ్లలోకి సూటిగా చూడకుండా కొంచెం పక్కకు తిరిగి కూర్చో. అది వచ్చి నీ ప్యాంటు వాసన చూస్తే చూడనీ. ఆ గంటసేపు నువ్వు చూడాల్సింది ఇంటిని. కుక్క ఎక్కడ పడుకుంటుంది, ఆ చోటు అందరూ నడిచే దారిలో ఉందా, అన్నం ఎవరు పెడతారు, పిల్లలు మీదెక్కి ఆడతారా, రోజంతా గేటు దగ్గర కట్టేసి ఉంచుతారా? ఇంటాయన "మావాడు ఎవరినీ ఏమీ అనడండీ" అంటుంటాడు. అదే సమయంలో పిల్లవాడు వాటేసుకుంటే కుక్క మొహం పక్కకు తిప్పుకుంటుంది, మూతి నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, ఓరగా చూస్తూ కంటి తెల్లగుడ్డు కనబరుస్తుంది. అవన్నీ దానికి ఇబ్బందిగా ఉందనే గుర్తులు. అప్పుడు నువ్వు నమ్మాల్సింది ఆ మూతిని.

నేను పని నేర్చుకున్నది ఇలా కాదు. చిత్తూరులో ఒక కెన్నెల్‌లో చేరాను. కుక్కను నెలరోజులు ఉంచుకుని, మెడకు చోక్ చైన్, అంటే లాగితే బిగుసుకునే గొలుసు, వేసి గుంజుతూ 'సిట్', 'స్టే' నేర్పి పంపేవాళ్లం. మా దగ్గర చెప్పినట్టల్లా వినేది. ఇంటికి వెళ్లిన వారానికి ఫోన్ వచ్చేది, కథ మళ్లీ మొదటికొచ్చిందని. రాదా మరి? కాలింగ్ బెల్ ఇంట్లో ఉంది. సోఫా ఇంట్లో ఉంది. టేబుల్ కింద నుంచి ఇడ్లీ ముక్క అందించే తాతయ్య ఇంట్లో ఉన్నాడు. కుక్క ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోటికి దానంతటదే రాదు, అక్కడ మళ్లీ నేర్పాలి. అందుకే కెన్నెల్ వదిలేసి ఇళ్లకు తిరగడం మొదలుపెట్టాను.

కుక్క తోడేలు జాతి కాబట్టి ఇంట్లో నాయకుడెవరో దానికి చూపించాలని మాకు నూరిపోశారు. ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్లను తెచ్చి బంధించి, అవి కొట్లాడుకోవడం చూసి పుట్టిన మాట అది. ఆ మాటను తన పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చినవాళ్లలో ఒకరైన డేవిడ్ మెచ్ అనే అమెరికన్ శాస్త్రవేత్తే తర్వాత సరిదిద్దుకున్నాడు. అడవిలో తోడేళ్ల గుంపంటే సాధారణంగా తల్లి, తండ్రి, వాటి పిల్లలు ఉన్న కుటుంబమేనని 1999లో రాశాడు. ఈ సంగతి నాకు తెలిసేసరికి ఎన్నో కుక్కలను వెల్లకిలా పడేసి నొక్కిపెట్టాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఇంకో సంగతి నీకు చెప్పి తీరాలి. ఒక ఇంట్లో జర్మన్ షెపర్డ్, అన్నం గిన్నె దగ్గరికి ఎవరొచ్చినా గుర్రుమనేది. గుర్రుమన్న ప్రతిసారీ గొలుసు గుంజాను. పది రోజుల్లో గుర్రుమనడం మానేసింది. ఇంటివాళ్లు సంతోషించారు, నేను డబ్బు తీసుకుని వచ్చేశాను. నెల తర్వాత ఆ ఇంటి ఆరేళ్ల పాప గిన్నె పక్కన పడిన బంతి తీసుకోబోతే చప్పుడు చేయకుండా చెయ్యి కరిచింది. 7 కుట్లు పడ్డాయి. నేను ఆ కుక్క భయం పోగొట్టలేదు, అది ముందుగా ఇచ్చే హెచ్చరిక పోగొట్టాను. ఆ పాప ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతోంది. ఎప్పుడు కనబడినా నా కళ్లు ఆ చేతి మీదకే పోతాయి.

కాబట్టి గుర్రుమంటే ఆగు, వెనక్కి జరుగు. మర్నాడు అది తింటుండగా, అది పట్టించుకోనంత దూరం నుంచి గిన్నెలో ఉన్నదానికంటే మంచి ముక్క ఒకటి విసిరి వెళ్లిపో. కొన్నాళ్లకు ఒక అడుగు దగ్గర, ఇంకొన్నాళ్లకు మరో అడుగు. మనిషి వస్తే గిన్నెలోకి ఏదో వస్తుందని దానికి నమ్మకం కుదరాలి. అది మూడు వారాలు పట్టొచ్చు, మూడు నెలలూ పట్టొచ్చు. ఇన్ని రోజుల్లో మార్చేస్తానని మాట ఇచ్చి డబ్బు తీసుకోకు. అంతవరకూ అది తినేటప్పుడు పిల్లలను ఆ గదిలోకి రానివ్వద్దని ఇంటివాళ్లకు గట్టిగా చెప్పు.

ఉన్నట్టుండి మారిపోయిన కుక్కకు ట్రైనింగ్ మొదలుపెట్టకు, ముందు డాక్టర్‌కు చూపించమను. మెడ బెల్టు పట్టుకోబోతే మీదకొస్తుందని నన్ను పిలిచిన ఇంట్లో లాబ్రడార్ కుక్కకు చెవి నిండా చీము ఉంది. మన ఊళ్లో వెటర్నరీ కాలేజీ 1955 నుంచి ఉంది. ఇక్కడ ఉండి కూడా చూపించకుండా నేర్పించడం తప్పు.

మన ఊరి ఇళ్ల సంగతి వేరే. దర్శనానికి చుట్టాలు రాని నెల ఉండదు. తెల్లవారుజామున బ్యాగులతో పదిమంది దిగుతారు. బెల్ మోగితే తన చాప మీదకు వెళ్లడం కుక్కకు ముందే అలవాటు చెయ్యి. బెల్ చప్పుడు ఫోన్‌లో రికార్డు చేసుకుని, తక్కువ సౌండ్‌తో మొదలుపెట్టి, చాప ఎక్కిన క్షణంలోనే ముక్క పెట్టు. ఆలస్యమైతే ఎందుకు పెట్టావో దానికి తెలియదు. ఇంటాయనే కొండకు వెళ్లి గుండు చేయించుకుని వస్తే గేటు దగ్గర మొరిగి వెనక్కి పోయిన కుక్కలను చూశాను. అలాంటప్పుడు బయటి నుంచే దాని పేరు పెట్టి పిలవమను, గొంతూ వాసనా పోల్చుకునేదాకా నిలబడమను.

మాంసం గడప దాటనివ్వని ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. చికెన్ ముక్కలు జేబులో పెట్టుకుని వెళ్లకు. పన్నీర్, ఉడికిన చిలగడదుంప చాలు, వేలిగోరంత ముక్కలు. లడ్డూ ప్రసాదం మాత్రం పెట్టనివ్వకు. అందులో ఎండుద్రాక్ష ఉంటుంది, అది కుక్క కిడ్నీలను పాడుచేయగలదు. ప్రసాదం కాదనకూడదు కదా అనే పెద్దవాళ్లతో వాదించకు. ప్రసాదం మనం తిని దానికి పెరుగన్నం పెడదామని చెప్పు, వింటారు.

పెద్దవాళ్లను కలుపుకోకపోతే ఏ పనీ నిలవదు. అన్నాల దగ్గర అడుక్కోవడం మాన్పించాలంటే అందరూ ఒకేసారి ఆపాలి. ఆపిన మొదటి రోజుల్లో మొరగడం తగ్గడానికి బదులు పెరుగుతుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే మూడోరోజు తాతయ్య కరిగిపోతాడు. అప్పుడు కుక్క నేర్చుకునేది ఇంకా గట్టిగా మొరగాలని.

నీ సంగతి కూడా చూసుకో. పని మొదలుపెట్టకముందే డాక్టర్‌ను అడిగి రేబిస్ టీకా ముందస్తుగా వేయించుకో. చిన్న గీత పడినా ధారగా పారే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడుక్కుని ఆస్పత్రికి వెళ్లు, టీకా వేయించుకున్నాను కదా అని ఆగకు. ఎండాకాలం పొద్దెక్కాక కుక్కను రోడ్డు మీదకు తీసుకెళ్లనివ్వకు. అరచేతి వెనక వైపు తారు మీద ఆనించి చూడమను, మన చెయ్యి ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు.

ఆదివారం పొద్దున ఏడింటికల్లా రా. కొర్లగుంటలో ఒక ఇంటికి వెళ్దాం. ఆ ఇంటి కుక్క దీపావళి టపాకాయలకు భయపడి మంచం కింద దూరింది, మనుషులు ఉండగా బయటికి రావడం లేదు. నాలుగు రోజులుగా వెళ్లి నేలమీద కూర్చుని, పన్నీర్ ముక్కలు కొంచెం దూరంగా పెట్టి వచ్చేస్తున్నాను. నిన్న నేనుండగానే ముక్కు బయటపెట్టి ఒక ముక్క తీసుకుంది. చప్పుడు చేయని చెప్పులు వేసుకుని రా.

మీ మామయ్య