దొరికిన చెక్కడపు పలకలను సిమెంటుతో గోడకు బిగించవచ్చా?

అమరావతి దగ్గర మీ ఊరి పొలంలో చెక్కడపు పలకలు బయటపడ్డాయనీ, పంచాయతీ గదిలో సిమెంటుతో గోడకు బిగించి చిన్న మ్యూజియం చేద్దామనుకుంటున్నామనీ రాశారు. సిమెంటు వద్దే వద్దు. అసలు ముందు కలెక్టరుకు రాయండి. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే తెలపాలని 1878 నాటి చట్టం ఉంది.

మన వైపు శిల్పాలు ఎక్కువగా పల్నాటి సున్నపురాయివి. సిమెంటులోని లవణాలు చెమ్మతో రాతిలోకి పాకుతాయి. ఎండాకాలం నీరు ఆరిపోయాక ఉప్పు పైపొర వెనకే గడ్డకట్టి, పద్మం రేకులను పెచ్చులుగా ఊడదీస్తుంది. తర్వాత సిమెంటు ఒలిస్తే దాంతోపాటు రాతి అంచూ వస్తుంది. ఇనుప కొక్కేలూ అంతే. తుప్పు పట్టి ఉబ్బి రాయిని చీలుస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీలు బ్రాకెట్లు చేయించి, రాయి తగిలేచోట పాలిథిన్ ఫోమ్ పెట్టండి. నేలకు అడుగు ఎత్తున, గోడకు జానెడు ఎడంగా ఉంచండి. మూడడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, అరడుగు మందం పలక మూడు క్వింటాళ్లకు దగ్గరగా తూగుతుంది. గునపాలతో ఎగదోయకండి. వెడల్పాటి గుడ్డ పట్టీలు వేసి చైన్ బ్లాకుతో లేపాలి.

చింతపండు, నిమ్మరసం, బాత్‌రూమ్ యాసిడ్ ఏదీ తగలకూడదు. సున్నపురాయి పులుపుకు నురగ కక్కి కరిగిపోతుంది. మెత్తటి పొడి బ్రష్ చాలు. దణ్ణం పెట్టుకోండి గానీ నూనె, కుంకుమ పూయనివ్వకండి. ఆ జిడ్డు రాతి రంధ్రాల్లోకి దిగితే తీయడం చాలా కష్టం.

ఇంతకన్నా ముఖ్యం, దొరికిన చోటు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్నం కట్టేటప్పుడు ఇటుకలకూ రాళ్లకూ దీపాలదిన్నెను, అంటే పాత బౌద్ధ స్తూపం ఉన్న దిబ్బను తవ్వారు. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు! మిగిలినవాటికి బొమ్మలు గీయించాడు. అప్పటికే పోయినవాటిలో ఏ పలక ఏ దిక్కున ఉండేదో ఎవరు చెప్పగలరు? ఇప్పుడు ఆ స్తూపపు పలకల్లో చాలావాటి కోసం లండన్, చెన్నై మ్యూజియాలకు పోవాలి. చిన్న మ్యూజియాల్లో 'బుద్ధ విగ్రహం' అని ఒక్క ముక్క రాసి వదిలేసిన చీటీలు చూస్తే కడుపు మండుతుంది. ఏ ఊరు, ఏ పొలం అని లేకపోతే ఈ కృష్ణా లోయ చరిత్ర ఎలా తెలుస్తుంది?

అందుకని అధికారులు వచ్చేదాకా పలకలు కదపకండి. పక్కన స్కేలు పెట్టి నాలుగు వైపులా ఫొటోలు తీయండి. సర్వే నంబరు, లోతు, చెక్కిన ముఖం ఏ దిక్కుకు ఉందో పుస్తకంలో రాయండి. నంబరు రాతిమీద ఎనామిల్‌తో వేయొద్దు. వెనకవైపు పారలాయిడ్ బి-72 అనే పారదర్శక యాక్రిలిక్ పూత వేసి, ఆరాక ఇంకుతో రాసి, మళ్లీ అదే పూత వేయాలి. అవసరమైతే అసిటోన్‌తో చెరిగిపోతుంది.

అమరావతి మ్యూజియంలో పలకలు ఎలా నిలబెట్టారో ఓసారి చూసి రండి. శుక్రవారం మూసి ఉంటుంది.