సాయంత్రం సగంలో ఆగిపోతున్న ఎస్ఎంఎస్‌లు: మోడెం మార్చే ముందు సిమ్ లెక్క చూడండి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. గుడిపాల దగ్గర పాల కేంద్రం, 35 మంది రైతులు. కంప్యూటర్‌కు సిమ్900ఏ మోడెం (సిమ్ వేసి ఎస్ఎంఎస్‌లు పంపే చిన్న బోర్డు) తగిలించి రెండు పూటలా పాల వివరాలు ఎస్ఎంఎస్‌లో పంపుతున్నారు. మెసేజ్‌ను ఇంగ్లీష్ నుంచి తెలుగులోకి మార్చినప్పటి నుంచి ఉదయం అందరికీ వెళ్తున్నాయి, సాయంత్రం మాత్రం పదిహేను మంది దాకా వెళ్లి ఆగిపోతున్నాయి. సీఎంఎస్ ఎరర్ 500 అని వస్తోంది. మర్నాడు పొద్దున మళ్లీ మామూలే. అప్పుడప్పుడు మోడెం దానంతట అదే ఆఫ్ అయి ఆన్ అవుతోంది. అమ్మినతను మోడెం పోయింది, కొత్తది తీసుకోమంటున్నాడు.

ఇప్పుడే కొనకండి. పలమనేరు, వి.కోట వైపు పాల కేంద్రాల్లో ఇలాంటి మోడెంలు పెట్టడం, అవి మొరాయిస్తే వెళ్లి చూడటం నా పని. మీరు చెప్పినదాంట్లో రెండు వేరు వేరు సమస్యలు ఉన్నాయి. రెండూ ఒకే సాయంత్రం కనిపిస్తున్నాయి కాబట్టి ఒకటే అనిపిస్తోంది.

మొదట ఆ పదిహేను మంది సంగతి. మనం మామూలుగా వేయించుకునే రీచార్జి ప్యాక్‌లలో రోజుకు 100 ఎస్ఎంఎస్‌లే ఉంటాయి. ఇంగ్లీష్‌లో పంపినప్పుడు మీకు 35 మందికి రెండు పూటలా కలిపి 70. ఏ ఇబ్బందీ లేదు. తెలుగులోకి మార్చాక ఒక్కో మెసేజ్ రెండుగా విడిపోతోంది. ఉదయానికే 70 అయిపోతే సాయంత్రానికి మిగిలేది 30. అంటే పదిహేను మంది. మీరు చెప్పిన అంకె సరిగ్గా ఇదే. అర్ధరాత్రి దాటాక లెక్క మళ్లీ మొదలవుతుంది కనుక పొద్దున బాగానే వెళ్తున్నాయి.

ఒకటి రెండెందుకు అవుతుందంటే, ఒక ఎస్ఎంఎస్‌లో పట్టేది 140 బైట్లే, బైటుకు 8 బిట్లు. ఇంగ్లీష్ అక్షరానికి 7 బిట్లు చాలు, అందుకే 160 అక్షరాలు పడతాయి. తెలుగు యూనికోడ్‌లో, అంటే మోడెం భాషలో యూసీఎస్2లో, అక్షరానికి 2 బైట్లు. పట్టేవి 70. అది దాటితే ముక్కలు చేసి పంపాలి, అప్పుడు ఒక్కో ముక్కకు 67 మాత్రమే, ఎందుకంటే ముక్కలను తిరిగి కలపడానికి కావలసిన సమాచారానికి కొంత చోటు పోతుంది. పైగా తెలుగులో మన కంటికి కనిపించే అక్షరాల లెక్క వేరు, మోడెం లెక్క వేరు. గుణింతం గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, సున్నా ఒకటి, అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. ‘లీటర్లు’ అన్న మాట మనకు మూడక్షరాలు, మోడెంకు ఏడు.

మీ మెసేజ్ దాదాపు ఇలా ఉంటుందనుకుంటాను:

ఉదయం పాలు 6.5 లీ, ఫ్యాట్ 4.1, ఎస్ఎన్ఎఫ్ 8.5, రేటు 36.20, మొత్తం రూ. 235.30

ఎస్ఎన్ఎఫ్ అంటే పాలలో వెన్న కాక మిగిలిన ఘన పదార్థం. చూడటానికి మెసేజ్ చిన్నదే. కానీ ఖాళీలు, చుక్కలతో సహా ఇది 74. నాలుగు ఎక్కువైనందుకు రెండో ఎస్ఎంఎస్ ఖర్చవుతోంది. ‘మొత్తం’ అన్న మాట, దాని పక్కన ఖాళీ తీసేస్తే 67కు వచ్చి ఒక్కదాంట్లో సరిపోతుంది. ‘రూ.’ అని ఉంది కాబట్టి రైతుకు అర్థం కాకపోవడం ఉండదు. ముందు రైతు పేరు, వెనక కేంద్రం పేరు పెట్టి ఉంటే అవి తీసేయండి. ఆ మెసేజ్ ఎవరి ఫోన్‌కు వచ్చిందో, ఎవరు పంపారో వాళ్లకు తెలుసు. ఇంకొకటి, కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనిపించని అక్షరం ఒకటి చేరుస్తాయి. అది కూడా లెక్కలో పడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న నమూనా మెసేజ్‌ను తుడిచేసి మళ్లీ శుభ్రంగా టైప్ చేయండి.

దీనికి విరుగుడుగా మళ్లీ ఇంగ్లీష్‌కు వెళ్లిపొమ్మని మీకు చాలామంది చెప్తారు. నేను చెప్పను. పాలు పోసేవాళ్లలో పెద్దవాళ్లే ఎక్కువ. వాళ్లు తమ లీటర్లు, వెన్న శాతం, డబ్బు తమ కళ్లతో చదువుకోవాలి. మెసేజ్ వచ్చిన రోజు కొలత మీద అనుమానం ఉండదు, రాని రోజు వస్తుంది. తెలుగునే ఉంచి, చిన్నది చేయండి. కొన్ని పాత కీప్యాడ్ ఫోన్లలో తెలుగు బదులు గళ్లు కనిపిస్తాయి. అలాంటి ఫోన్లు ఎవరి దగ్గర ఉన్నాయో అడిగి, వాళ్లకు మాత్రమే ఇంగ్లీష్ అక్షరాల్లో పంపండి.

నేను చెప్పింది నిజమో కాదో తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. సాయంత్రం మెసేజ్‌లు ఆగిపోగానే మోడెంలోని సిమ్ తీసి మామూలు కీప్యాడ్ ఫోన్‌లో వేసి, చేత్తో ఒక మెసేజ్ పంపి చూడండి. అక్కడా వెళ్లకపోతే మోడెంలో తప్పు లేదు. ఎరర్ 500 అంటే ‘కారణం తెలియదు’ అని మాత్రమే, మోడెం చెడిపోయిందని కాదు. దారి చూపే నంబర్లు వేరే ఉన్నాయి: 310 అయితే సిమ్ కనిపించడం లేదు, 330 అయితే ఎస్ఎంఎస్ సెంటర్ నంబర్ లేదు, 331 అయితే నెట్‌వర్క్ లేదు.

ఇక మోడెం దానంతట అదే ఆఫ్ అయి ఆన్ అవడం. నేను చూసినంతలో ఇది పది కేసుల్లో తొమ్మిది కరెంటు సమస్యే. మోడెం ఊరికే ఉన్నప్పుడు తాగేది చాలా తక్కువ. సిగ్నల్ పంపే క్షణంలో మాత్రం 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆ క్షణం ఒక మిల్లీసెకను కూడా ఉండదు, కానీ సెకనుకు 217 సార్లు వస్తుంది. స్పీకర్ దగ్గర ఫోన్ పెడితే వచ్చే గరగర శబ్దం దీనివల్లే. బోరు మోటారు వేసినప్పుడు ఇంట్లో లైట్లు ఒక్కసారి మందగించినట్టు, ఆ లాగుడుకు సన్నటి వైరులో వోల్టేజీ పడిపోతుంది, మోడెం రీసెట్ అవుతుంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే అంతా బాగానే ఉన్నట్టు చూపిస్తుంది, ఎందుకంటే అంత చిన్న పతనాన్ని అది పట్టుకోలేదు. చాలామంది ఇక్కడే మోసపోయి మోడెం మార్చేస్తారు.

కాబట్టి కంప్యూటర్ యూఎస్‌బీ నుంచి మోడెంకు కరెంటు ఇవ్వకండి. బోర్డు మీద ఎన్ని వోల్టులని రాసి ఉందో చూసి, దానికి సరిపడే 2 ఆంపియర్ల మంచి అడాప్టర్ విడిగా పెట్టండి. వైరు పొట్టిగా, లావుగా ఉండాలి. మోడెం దగ్గరే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి వేయించండి. ప్లస్, మైనస్ తారుమారు కాకూడదు. మీకు వేయడం రాకపోతే దగ్గర్లో మోటారు స్టార్టర్లు బాగుచేసే అతను వేసిస్తాడు. పాలు చల్లబరిచే కూలర్ తగిలించిన బోర్డుకే మోడెం అడాప్టర్ కూడా పెట్టి ఉంటే వేరే ప్లగ్గుకు మార్చండి.

రీసెట్ అవుతోందో లేదో మోడెం మీద నెట్‌వర్క్ లైటే చెప్తుంది. నెట్‌వర్క్ దొరికాక దాదాపు మూడు సెకన్లకోసారి వెలుగుతుంది. వెతుకుతున్నప్పుడు సెకనుకోసారికి పైగా గబగబా కొట్టుకుంటుంది. మెసేజ్ పంపుతుండగా నెమ్మదిగా ఉన్న లైటు హఠాత్తుగా వేగం పెంచిందంటే రీసెట్ అయినట్టే.

మీ ఊరు తమిళనాడు సరిహద్దులో ఉంది కాబట్టి ఇంకో సంగతి తప్పకుండా చూడాలి. రీసెట్ అయిన మోడెం ఒక్కోసారి అవతలి టవర్‌ను పట్టుకుంటుంది. సాఫ్ట్‌వేర్ మూసేసి, టెర్మినల్ ప్రోగ్రాంలో (మోడెంకు కమాండ్లు టైప్ చేసి జవాబు చూసే ప్రోగ్రాం) మోడెంతో నేరుగా మాట్లాడి చూడండి. కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, మీరు ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టాలి. ఏటీ+సీఆర్ఈజీ? అని కొడితే రెండు అంకెలు వస్తాయి. రెండోది 1 అయితే సొంత నెట్‌వర్క్, 5 అయితే రోమింగ్, 2 అయితే ఇంకా వెతుకుతోంది, 3 అయితే నెట్‌వర్క్ రానివ్వలేదు. వి.కోట వైపు ఒక కేంద్రంలో మోడెం కర్ణాటక టవర్ మీద ఉంటూ 5 చెప్పేది. అక్కడి సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు 1 వస్తేనే పంపేలా రాశారు. మోడెం సిద్ధంగా ఉన్నా సాఫ్ట్‌వేర్ ఎదురుచూస్తూ కూర్చునేది. మీ సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లను 5ను కూడా ఒప్పుకునేలా మార్చమని అడగండి.

ఏటీ+సీఎస్‌క్యూ కొడితే సిగ్నల్ బలం 0 నుంచి 31 మధ్య వస్తుంది. 99 అంటే తెలియదు. 10 లోపు ఉంటే యాంటెన్నాను ఇనుప షట్టర్, పాల క్యాన్లు, రేకుల కప్పు నుంచి దూరంగా కిటికీ దగ్గరికి జరపండి. ఆ తర్వాత ఏటీ+సీఎంజీఎఫ్=1 కొట్టి, ఏటీ+సీఎంజీఎస్= తర్వాత కోట్స్‌లో +91తో మీ నంబర్ పెట్టి ఎంటర్ కొట్టండి. బాణం గుర్తు వచ్చాక ఇంగ్లీష్‌లో ఒక మాట రాసి కంట్రోల్ జెడ్ నొక్కండి. అక్కడ ఎంటర్ కొడితే మెసేజ్ పోదు, మోడెం ఇంకా రాస్తారనే చూస్తూ ఉంటుంది.

సిమ్ మార్చాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి. మీ మోడెం 2జీది, జియో సిమ్ అందులో పనిచేయదు, ఎందుకంటే జియోకు 2జీ లేదు. పాత నంబరుకే డూప్లికేట్ సిమ్ తీసుకుంటే మొదటి 24 గంటలు ఎస్ఎంఎస్‌లు ఆపేస్తారు. అప్పుడు మళ్లీ మోడెం మీద అనుమానపడకండి.

రైతులు పెరిగి 50 మంది దాటితే మెసేజ్ ఎంత చిన్నదైనా 100 సరిపోదు. అప్పుడు చాలామంది ఇంకో రెండు సిమ్‌లు కొని తిప్పుతూ వాడతారు. ఆ దారి వద్దు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం వ్యాపార మెసేజ్‌లు డీఎల్‌టీ అనే టెలికాం కంపెనీల నమోదు వ్యవస్థలో నమోదై, నంబర్ బదులు కనిపించే హెడర్ పేరుతో, ముందే ఆమోదం పొందిన టెంప్లేట్‌లో వెళ్లాలి. మామూలు సిమ్ నుంచి గుంపుగా పంపితే ఫిర్యాదులు వస్తే నంబర్ పోయే ప్రమాదం ఉంది. రైతులందరి దగ్గరా ఉన్న నంబర్ అది. టెంప్లేట్ తెలుగులోనే పెట్టుకోవచ్చు. కానీ అక్కడా ఇదే 70 లెక్క, ముక్కకు ఇంత అని డబ్బు కడతారు. అందుకే ఆ మెసేజ్‌ను ఇప్పుడే 70 లోపుకు తెచ్చి పెట్టుకోండి. రేపు సాయంత్రం నుంచే తేడా కనిపించాలంటే ఉదయం మెసేజ్‌లు వెళ్లకముందే మార్చాలి, కనుక రేపు పొద్దున పాలు పోయడం మొదలుకాకముందే ఆ పని చూడండి.