స్టేషన్‌లో కేసు కట్టకపోతే ఊరి ఆడవాళ్లం ఏం చేయగలం? కర్నూలు జిల్లా నుంచి ఒక జవాబు

మీ ప్రశ్న చదివాను. మీ వీధిలో ఒకామెను భర్త తల పగిలేలా కొట్టాడు, స్టేషన్‌కు పోతే కేసు కట్టకుండా కౌన్సెలింగ్ చేసి పంపేశారు, ఇప్పుడు వీధిలోని ఆడవాళ్లంతా కలిసి స్టేషన్ ముందు కూర్చుంటే పోలీసులు కదులుతారా అని అడిగారు. కదులుతారు, కానీ ఆ పూటకే. మీరు లేచి ఇంటికి వచ్చాక కూడా వాళ్లు పని చేయాలంటే, కూర్చోవడానికి ముందే మీ చేతిలో తేదీ, ముద్ర ఉన్న కాగితం ఉండాలి. మాది ఆదోని వైపు. పొదుపు సంఘాల్లో పరిచయమైన కొందరం ఆడవాళ్లం కొన్నేళ్లుగా ఇలాంటి కేసుల వెంట తిరుగుతున్నాం. ఆ తిరుగుడులో తెలిసిందే రాస్తున్నాను.

మా కాలనీలో ఒక చెల్లెలి సంగతి చెప్తాను. ఆమెను అడిగే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు తీసేశాను. భర్త తాగి వచ్చి కట్టెతో కొట్టాడు. వాళ్లమ్మ వెంటబెట్టుకుని స్టేషన్‌కు పోయింది. ఎస్సై బందోబస్తుకు పోయాడన్నారు. రైటర్ తెల్లకాగితం మీద అర్జీ రాయించుకుని టేబుల్ మీద పెట్టుకున్నాడు, రసీదు ఇవ్వలేదు. సాయంత్రం భర్తను, ఇద్దరు పెద్దమనుషులను పిలిపించి 'ఇకమీదట గొడవ పడం' అని రాయించి ఇద్దరి చేతా సంతకాలు పెట్టించారు. ఇద్దరి చేతా! దెబ్బలు తిన్న మనిషి కూడా ఇక గొడవ పడనని సంతకం పెట్టింది. ఆ కాగితం గుర్తొస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆ సంతకంతో ఆమె మీద జరిగిన నేరం ఇద్దరి మధ్య తగాదా అయిపోయింది.

మళ్లీ కొట్టాడు. ఈసారి చెయ్యి విరిగింది. మేమంతా పోయి నిలదీస్తే, 'ఈమె నుంచి ఇంతకుముందు ఫిర్యాదేమీ రాలేదే' అన్నారు. నిజమే, రిజిస్టర్లో ఏమీ లేదు. ఆ కోపంతో అందరం స్టేషన్ ముందు బైఠాయించాం. సీఐ వచ్చాడు, మర్యాదగా మాట్లాడాడు, 'రేపే కేసు కడతాం, ఇళ్లకు పోండమ్మా' అన్నాడు. ఆ రేపు రాలేదు. కోర్టులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మా సందులోనే ఉంటాడు. అర్జీ మళ్లీ రాయించి, ఒక కాపీ ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపమన్నాడు. ఇంకో కాపీ పట్టుకుని సోమవారం కర్నూలుకు పోయి ఎస్పీ ఆఫీసులో అర్జీలు తీసుకునే చోట ఇచ్చి నంబరు వేయించుకోమన్నాడు. అట్లే చేశాం. ఆ వారంలోనే ఎఫ్ఐఆర్ అయింది. అంతమందిమి కూర్చున్నా కానిది ఆ నంబరుతో అయింది. అలాగని ధర్నా వృథా అనను. వెనక జనం ఉన్నారని తెలియకపోతే ఆ కాగితం కూడా అంత వేగంగా కదిలేది కాదని నా నమ్మకం.

ఇప్పుడు మీ విషయం. అర్జీలో ఏడుపు వద్దు, శాపనార్థాలు వద్దు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ, దేనితో కొట్టాడు, ఎవరు చూశారు, ఏ ఆసుపత్రికి పోయారు, స్టేషన్‌కు ఎప్పుడు పోయారు, అక్కడ ఎవరు ఏమన్నారు అన్నది మాత్రం రాయండి. సెక్షన్లు మీరు రాయనక్కర్లేదు, అది వాళ్ల పని. మీ కాపీ మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి. ఎఫ్ఐఆర్ అయితే దాని కాపీ ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. ముద్ర వేయం అని వాళ్లంటే గొడవ పడకండి, అదే అర్జీని ఎస్పీకి పోస్టులో పంపండి. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 173వ సెక్షన్ ఈ దారి చూపిస్తుంది. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటుకు. లాయరుకు డబ్బులెక్కడివి అనుకోవద్దు. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయసహాయం హక్కు. కోర్టు ఆవరణలోనే న్యాయసేవా కమిటీ ఉంటుంది, 15100కు ఫోన్ చేసినా చెప్తారు.

'ఇది ఫ్యామిలీ మేటర్, ముందు విచారణ చేయాలి' అంటారు. అందులో కొంత నిజం ఉంది. కేసు కట్టదగిన నేరమైతే ఎఫ్ఐఆర్ తప్పనిసరని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. భార్యాభర్తల వివాదాల్లో ముందుగా ప్రాథమిక విచారణకు అదే తీర్పు వీలిచ్చింది. కానీ ఆ విచారణ ఎందుకు? నేరం జరిగినట్టుందో లేదో తేల్చుకోవడానికి. రాజీ చేయడానికి కాదు. తల పగిలి కుట్లు పడ్డాక ఇంకా తేల్చుకోవడానికి ఏముంది? ఇదే మాట మర్యాదగా, గట్టిగా అడగండి. అత్యాచారం, లైంగిక దాడి, యాసిడ్ దాడి లాంటి నేరాల్లో ఫిర్యాదు నమోదు చేయని అధికారికే ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా కఠిన జైలు అని బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 199వ సెక్షన్‌లో ఉంది. భర్త వేధింపుల సెక్షన్ ఆ జాబితాలో లేదు. ఉండాల్సిందని నేను అనుకుంటాను, ఎందుకంటే మా వైపు స్టేషన్ గడపలో ఆగిపోయేవి ఎక్కువగా ఆ కేసులే.

ఆసుపత్రి సంగతి మర్చిపోవద్దు. దెబ్బలతో సర్కారు ఆసుపత్రికి పోతే డ్యూటీ డాక్టర్ ఎంఎల్‌సీ (పోలీసు కేసుకు సంబంధించిన దెబ్బల రికార్డు) రాసి స్టేషన్‌కు సమాచారం పంపుతాడు. అక్కడ అత్త పక్కనే నిలబడి 'మెట్ల మీద జారి పడింది' అని చెప్పిస్తుంది. అందుకే మీలో ఒకరు తప్పకుండా ఆమె వెంట ఉండండి. ఆమె నోటితో ఆమె చెప్పిందే రాయించండి, ఎంఎల్‌సీ నంబరు రాసి పెట్టుకోండి. ఎన్ని సాక్ష్యాలు తారుమారైనా ఆ నంబరు మిగులుతుంది.

మా పల్లెల్లో ఇంకో చిక్కు. కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు జనం మిరప కోతలకు, పత్తి తీతకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి పోతారు. నేరం అక్కడ జరుగుతుంది, పుట్టిల్లు ఇక్కడ. ఇక్కడికి వస్తే 'మా పరిధి కాదు' అంటారు, అక్కడికి పోతే 'మీ ఊళ్లో చూసుకోండి' అంటారు. జీరో ఎఫ్ఐఆర్ ఉన్నది ఇందుకే. ఏ స్టేషన్‌లోనైనా కేసు కట్టి, పరిధి ఉన్న స్టేషన్‌కు పంపాలి. కేసు కట్టాక కూటి కోసం ఆమె సుగ్గికి పోతే 'ఫిర్యాదుదారు అందుబాటులో లేరు' అని ఫైలు మూలన పడేస్తారు. పోయేముందే ఎక్కడ ఉంటుందో, ఏ ఫోనుకు దొరుకుతుందో రాసి ఇచ్చి రసీదు తీసుకోండి.

ధర్నా చేస్తే ముందుగా డీఎస్పీకి లెటర్ ఇవ్వండి, లేకపోతే '30 యాక్ట్ ఉంది' అని, అంటే సభలు, ఊరేగింపులను అదుపు చేసే పోలీసు చట్టం 30వ సెక్షన్ చూపించి, మీ మీదే కేసు పెట్టే వీలుంటుంది. ప్లకార్డుల మీద, వాట్సాప్ గ్రూపుల్లో ఆమె పేరు, ఫొటో పెట్టకండి. అత్యాచారం కేసైతే బాధితురాలి గుర్తింపు బయటపెట్టడమే నేరం. గృహహింసలోనూ ఆమె ఒప్పుకోకుండా పెట్టడం తప్పేనని నేనంటాను, రేపు ఆ ఊళ్లోనే బతకాల్సింది ఆమె. ఇక డిమాండ్ ఏమిటన్నది. మన జనం మొదట 'అరెస్టు చేయాలి' అంటారు. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి నోటీసు ఇచ్చి పంపారంటే అమ్ముడుపోయారని అర్థం కాదు. సరైన సెక్షన్లు పెట్టారా, కట్టెను స్వాధీనం చేసుకున్నారా, పక్కింటివాళ్ల వాంగ్మూలం తీసుకున్నారా, ఛార్జిషీట్ ఎప్పుడు వేస్తారు అని అడగండి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో బాధితురాలికి తెలపాలని కొత్త చట్టంలో ఉంది. ఇది చాలామంది ఎస్సైలకు గుర్తు చేయాల్సి వస్తుంది.

'ఎన్‌కౌంటర్ చేయాలి' అనే నినాదం మా గుంపులో రానివ్వం. 2019 డిసెంబర్‌లో హైదరాబాద్ దగ్గర చటాన్‌పల్లిలో ఒక అత్యాచారం, హత్య కేసులోని నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపినప్పుడు మా వీధిలోనూ స్వీట్లు పంచారు. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ తర్వాత తేల్చింది. కోర్టుకు జవాబు చెప్పకుండా కాల్చే అధికారం ఉన్న స్టేషన్, మన అర్జీకి రసీదు ఇస్తుందని నేను అనుకోను.

జనం ఒత్తిడి దర్యాప్తు నాణ్యతగా మారకపోతే ఏమవుతుందో మన రాష్ట్రం చాలాసార్లు చూసింది. 1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్‌లో పోలీసులే ఒక మహిళపై అత్యాచారం చేసి, రిక్షా తొక్కే ఆమె భర్తను కొట్టి చంపారని జనం భగ్గుమన్నారు. విచారణకు వేసిన ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని చెప్పింది. అయినా కేసు రాయచూరు కోర్టుకు మారి అక్కడ కొట్టేశారు. 2007లో విశాఖ మన్యంలోని వాకపల్లిలో 11 మంది ఆదివాసీ మహిళలు తమపై అత్యాచారం చేశారని గ్రేహౌండ్స్ (మావోయిస్టుల వేటకు పెట్టిన ప్రత్యేక దళం) పోలీసుల మీద ఫిర్యాదు చేశారు. 2023లో ప్రత్యేక కోర్టు నిందితులను వదిలేస్తూ దర్యాప్తు లోపాలను ఎత్తిచూపి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వమంది. మన కర్నూలులోనే 2017లో హాస్టల్‌లో చనిపోయిన పదో తరగతి గిరిజన బిడ్డ కేసు మీకు తెలిసే ఉంటుంది. పేరు రాయను. ఆ తల్లి ఇన్నేళ్లుగా పోరాడుతూనే ఉంది, 2020లో కర్నూలు రోడ్లు జనంతో నిండాయి, కేసు సీబీఐ దాకా పోయింది. మొదటి రోజుల్లో ఏం సేకరించారు, ఏం వదిలేశారు అన్నదాని మీదే ఈ కేసులన్నీ నిలిచాయి, పడ్డాయి.

ఒక్క కేసుతో ఆగకుండా స్టేషన్ తీరు మార్చాలంటే సమాచార హక్కు చట్టం వాడండి. పది రూపాయల ఖర్చు. గత ఏడాది ఆడవాళ్ల మీద హింస గురించి ఎన్ని అర్జీలు వచ్చాయి, ఎన్ని ఎఫ్ఐఆర్‌లయ్యాయి, ఎన్ని కౌన్సెలింగ్‌తో మూసేశారు అని అడగండి. మాకు మొదట జవాబు రాలేదు, అప్పీలు వేశాక వచ్చింది. ఆ లెక్క పట్టుకుని డీఎస్పీని కలిశాం. ఆ తర్వాత మా స్టేషన్‌లో రిసెప్షన్ దగ్గర రసీదు పుస్తకం కనబడుతోంది. మిమ్మల్ని తిప్పి పంపిన రోజు సీసీ కెమెరా రికార్డింగ్ భద్రపరచమని కూడా వెంటనే రాసి ఇవ్వండి. రికార్డింగ్ 18 నెలలు, కుదరకపోతే కనీసం ఏడాది ఉంచాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశం.

ఇవన్నీ చేసేముందు ఆమెను అడగండి. ఆమె వద్దంటే ఆగండి, కానీ వదిలిపెట్టకండి. రాత్రికి తల దాచుకోవడానికి జిల్లా కేంద్రంలో వన్‌స్టాప్ సెంటర్ ఉంది, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే దారి చెప్తారు. కేసు వద్దు, కొట్టకుండా ఉంటే చాలు అంటే గృహహింస చట్టం, 2005 కింద రక్షణ ఉత్తర్వు అడగొచ్చు, దానికి ఎఫ్ఐఆర్ అక్కర్లేదు.

మా చెల్లెలి కేసు ఇప్పుడు కోర్టులో ఉంది. ఛార్జిషీట్ వేశారు, వాయిదాలు నడుస్తున్నాయి. వాయిదా రోజు కూలి పోతుంది, అందుకని సంఘంలో కొంచెం కొంచెం వేసుకుని ఆ కూలి మేమే ఇస్తున్నాం, ఒకరు వెంట పోతున్నాం. భర్త తరఫు బంధువులు కోర్టు బయట ఆమెను ఒంటరిగా పట్టుకునేందుకు చూస్తుంటారు, కాబట్టి మీరూ ఎవరు ఏ వాయిదాకు పోవాలో ఇప్పుడే పంచుకోండి.