పాఠకుల ప్రశ్నలు: పోటు వేళ నీరు తగ్గుతున్నట్టు లెక్క ఎందుకు వచ్చింది?

ప్రశ్న: కళాశాల ప్రాజెక్టు కోసం ఫిషింగ్ హార్బర్ దగ్గరి జెట్టీకి పీడన సెన్సర్ బిగించి, ప్రతి పది నిమిషాలకు నీటిమట్టాన్ని పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్‌లో నమోదు చేస్తున్నాం. ప్రచురిత ఆటుపోట్ల పట్టికలోని గంటవారీ అంచనాలు మరో టేబుల్‌లో ఉన్నాయి. మా సమయాలను మూడు గంటల వరకు అటూ ఇటూ జరుపుతూ రెగ్ర్_ఆర్2 (రెండు వరుసలు ఒకే సరళరేఖకు ఎంత దగ్గరగా ఉన్నాయో 0 నుంచి 1 వరకు చెప్పే ఫంక్షన్) ఎక్కడ గరిష్ఠమో వెతికాం. నలభై నిమిషాలు తగ్గించినప్పుడు అది 1కి చాలా దగ్గరగా వచ్చింది కాని, ఆ రేఖ వాలు ఋణసంఖ్యగా తేలింది, అంటే పోటు వేళ నీరు తగ్గుతున్నట్టు. పైథాన్ జోలికి పోకుండా క్వెరీలతోనే దీన్ని సరిదిద్దవచ్చునా?
— ఇంజినీరింగ్ విద్యార్థి, మధురవాడ, విశాఖపట్నం

జవాబు: సరిదిద్దవచ్చును. అయితే ముందుగా చూడవలసింది క్వెరీని కాదు, గడియారాన్ని. విశాఖ తీరంలో ఆటుపోట్లు ప్రధానంగా రోజుకు రెండుసార్లు వస్తాయి. ఒక పోటుకూ మరుసటి పోటుకూ నడుమ సగటున 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కనుక, అందులో సగం, అంటే సుమారు 372 నిమిషాలు జరిపితే నీటిమట్టపు వక్రరేఖ తలకిందులవుతుంది. మీ సెన్సర్ యూటీసీలోను (మన కాలంకన్నా ఐదున్నర గంటలు వెనుక ఉండే అంతర్జాతీయ ప్రామాణిక కాలం), ప్రచురిత పట్టిక భారత ప్రామాణిక కాలంలోను ఉన్నాయనుకుంటే, సెన్సర్ సమయానికి నిజానికి 330 నిమిషాలు కలపాలి. మీరు వెతికిన పరిధిలో 330 లేదు. దానిలోంచి 372 తీసివేయగా వచ్చే మైనస్ 42 ఉంది. మీకు దొరికింది అదే. ఆర్2 సహసంబంధ గుణకానికి (రెండు వరుసలు కలిసి నడిస్తే 1, ఎదురుగా నడిస్తే మైనస్ 1 వచ్చే సంఖ్య) వర్గం కాబట్టి, పూర్తిగా ఎదురుతిరిగిన వక్రరేఖకు కూడా అది మంచి మార్కులే వేస్తుంది. (జెట్టీ మీద నుంచి నీటి వరకు దూరాన్ని కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ అయివుంటే ఋణ వాలే సరైనది, మీది పీడన సెన్సర్ కనుక ఆ సందేహం లేదు.)

కాబట్టి రెండు టేబుళ్ల సమయాలనూ ఒకే కాలమానంలోకి మార్చి, డేట్_బిన్ ఫంక్షన్‌తో సెన్సర్ సమయాలను పది నిమిషాలకు సర్దండి. ఇది పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 14 నుంచి ఉంది. తరువాత జెనరేట్_సిరీస్‌తో మైనస్ 180 నుంచి 180 వరకు పదేసి నిమిషాల జరుపులను పుట్టించి, సెన్సర్ సమయానికి జరుపును కలిపితే అంచనా సమయం వచ్చే వరుసలను జాయిన్ చేసి, జరుపువారీగా గ్రూప్ చేయండి. ఎంపికకు ఆర్2 బదులు ధన, ఋణ గుర్తును నిలిపే కోర్ (సహసంబంధ గుణకం) ఫంక్షన్‌ను వాడి, అవరోహణ క్రమంలో మొదటి వరుసను తీసుకోండి. పక్కనే, లెక్కలోకి వచ్చిన జతల సంఖ్యను చెప్పే రెగ్ర్_కౌంట్ కూడా చూడడం అవసరం, ఎందుకంటే ఖాళీ విలువలున్న జతలను ఈ ఫంక్షన్లు మౌనంగా వదిలేస్తాయి.

ఆ జరుపు వద్ద రెగ్ర్_స్లోప్ (వాలు), రెగ్ర్_ఇంటర్‌సెప్ట్ (ఆధార విలువ సున్నా అయినప్పుడు గీత చూపే విలువ) లెక్కించేటప్పుడు, అంచనా వేయవలసిన విలువ మొదటి ఆర్గ్యుమెంటుగా, ఆధారమైన విలువ రెండవదిగా ఇవ్వాలి. తారుమారైతే వేరే గీత వస్తుంది. రెండూ మీటర్లలోనే ఉంటే వాలు 1కి దగ్గరగా ఉండాలి, ఇంటర్‌సెప్ట్ మీ సెన్సర్ సున్నాకూ పట్టిక సున్నాకూ ఉన్న ఎత్తు తేడాను చెబుతుంది. అల్పపీడనం ఉన్న రోజులను ఈ లెక్కలోంచి తీసివేయడం మంచిది: వాయుపీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్రమట్టం సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, గాలి దానికి తోడవుతుంది, అంచనా పట్టికకు ఇవేవీ తెలియవు.

మై‌ఎస్‌క్యూఎల్ వాడే మిత్రులకు ఈ రెగ్ర్ ఫంక్షన్లు లేవు. వారు ముందు ఇరుపక్కల విలువల్లోంచి సగటును తీసివేసి, లబ్ధాల మొత్తాన్ని ఆధార విలువల వర్గాల మొత్తంతో భాగిస్తే అదే వాలు వస్తుంది.